కడుపుతో ఉన్నప్పుడు చిగురు మీద మొలిచే కండ: భయపడాల్సింది ఎంత, చేయాల్సింది ఎంత

కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు ఐదో నెలలోనో ఆరో నెలలోనో పంటి చిగురు మీద ఎర్రటి కండ మొలవడం కొత్త సంగతేమీ కాదు. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు గానీ, బరంపురం నుంచి గోపాలపురం తీరం దాకా గానీ తెలుగు మాట్లాడే ఇళ్ళల్లో దీని గురించి అడిగితే ముందు వచ్చే జవాబు "వేడి చేసిందమ్మా" అని. కాసేపాగి, గొంతు తగ్గించి, "కేన్సరేమో" అంటారు. ఈ రెండు మాటల మధ్య ఆ అమ్మాయి చేసే పని ఒకటుంది. తోమితే నెత్తురొస్తోందని పళ్ళు తోముకోవడం మానేస్తుంది. నన్నడిగితే కండ కంటే ఈ మానెయ్యడమే పెద్ద చిక్కు.

ముందు ఆ కండ ఎలా ఉంటుందో చూద్దాం. ఎక్కువగా పై దవడలో, ముందు పళ్ళ దగ్గర, రెండు పళ్ళ సందులో ఉండే చిగురు కొస మీద వస్తుంది. మొదట కొస కాస్త ఉబ్బినట్టు ఉంటుంది. కొన్ని వారాల్లో శనగగింజంత అవుతుంది. ముదురు ఎరుపు, ఒక్కోసారి ఊదా రంగు. పైభాగం నున్నగా ఉండదు, గరుకుగా ఉంటుంది. పెదవి పైకెత్తి వెలుతురులో చూస్తే అది సన్నటి కాడ మీద నిలబడి ఉండటం కనిపిస్తుంది. కాడ మొదట్లో, పంటిని అంటుకుని, పసుపుపచ్చ గార గీత ఒకటి దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఆ గీతను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే రావాలి. నొప్పి సాధారణంగా ఉండదు. కానీ అన్నం ముద్ద తగిలినా నెత్తురొస్తుంది, పొద్దున లేచేసరికి తలగడ మీద మరకలుంటాయి. రెండు సెంటీమీటర్లు దాటి పెరగడం అరుదు.

ఇలాంటి కండ గర్భిణుల్లో నూటికి ఐదుగురి దాకా వస్తుంది. కండ లేకుండా చిగుళ్ళు వాచి నెత్తురు రావడం మాత్రం నూటికి 60 నుంచి 75 మందిలో ఉంటుంది. ఈ రెండూ వేరు వేరు జబ్బులు కావు. రెండోది ముదిరిన చోట, ఒక్క బిందువు దగ్గర, మొదటిది పుడుతుంది.

హార్మోన్లు చేసేదేమిటి

నెలలు నిండేసరికి ఒంట్లో ప్రొజెస్టరాన్ మామూలు నెలసరి రోజుల్లోని గరిష్ఠ స్థాయికి సుమారు 10 రెట్లు, ఈస్ట్రోజెన్ సుమారు 30 రెట్లు చేరతాయి. ఈ హార్మోన్లు గర్భసంచి మీదే పనిచేస్తాయని అనుకుంటాం గానీ, చిగురు కణాల్లోనూ వాటిని పట్టుకునే గ్రాహకాలున్నాయి. అక్కడి సన్నటి రక్తనాళాలు వెడల్పవుతాయి, వాటి గోడల్లోంచి నీరు బయటికి ఊరుతుంది, చిగురు ఉబ్బి మెత్తబడుతుంది. ఇంకో పక్క, పంటి మొదట్లో పేరుకున్న పాచిలో ప్రివొటెల్లా ఇంటర్మీడియా అనే బాక్టీరియా ఉంటుంది. అది పెరగడానికి కావలసిన ఒక విటమిన్‌కు బదులుగా ఈ హార్మోన్లనే వాడుకోగలదని 1980ల మొదట్లో కార్న్‌మన్, లోషే అనే పరిశోధకులు చూపించారు. అంటే నాళాలు సులభంగా చిట్లే సమయంలోనే, వాటిని రెచ్చగొట్టే క్రిమికి కూడా మంచి రోజులు వస్తాయి.

1963లో హెరాల్డ్ లో, జాన్ సిల్నెస్ అనే ఇద్దరు స్కాండినేవియా దంతవైద్యులు గర్భిణుల నోళ్ళను నెలనెలా లెక్కగట్టి చూశారు. చిగుళ్ళ వాపు రెండో నెల నుంచి మొదలై ఎనిమిదో నెలకు పతాకస్థాయికి చేరి, చివరి నెలలో తగ్గుముఖం పడుతుందని తేలింది. పాచి అంతే ఉన్నా వాపు ఎక్కువగా ఉండటం వాళ్ళు గమనించిన ముఖ్యమైన సంగతి. చిగుళ్ళ జబ్బును సున్నా నుంచి మూడు దాకా అంకెల్లో కొలిచే పద్ధతి ఆ పరిశోధన కోసం తయారైందే. ఇవాళ్టికీ దంతవైద్య విద్యార్థులు అదే నేర్చుకుంటారు.

ఇక కండ. చిగురుకు చిన్న గాయమైతే, అంటే గార గరుకుతనం ఒరుసుకున్నా, చేప ముల్లు గుచ్చుకున్నా, ఒళ్ళు అక్కడికి కొత్త రక్తనాళాలను పంపి మరమ్మతు మొదలుపెడుతుంది. మామూలు రోజుల్లో పని అయ్యాక ఆ నాళాలు ముడుచుకుపోతాయి. కడుపుతో ఉన్నప్పుడు, ముఖ్యంగా నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా, ఆ ఆపే సూచన బలహీనపడి పెంచే సూచన బలపడుతుంది. మరమ్మతు ఆగకుండా సాగి, రక్తనాళాల గుత్తి బయటికి పొడుచుకొస్తుంది. కేన్సరు కాదు. ఎముకలోకి చొచ్చుకుపోదు, ఒంట్లో వేరే చోటికి పాకదు. కాన్పు అయ్యాక హార్మోన్లు పడిపోవడంతో చాలామందిలో అది కుంచించుకుపోతుంది. ఓపీ చీటీ మీద ఇంగ్లీషులో "ప్రెగ్నెన్సీ ట్యూమర్" అని చూసి మొగుళ్ళు బెంబేలెత్తి ఫోన్లు చేస్తుంటారు. డాక్టర్లు ఆ రెండు మాటలు రాసినప్పుడు పక్కన ఇంకో రెండు మాటలు నోటితో చెబితే బాగుండేది.

కాబట్టి కండ మొలవాలంటే హార్మోనూ కావాలి, దాన్ని రెచ్చగొట్టే పాచీ, గారా కావాలి. మొదటిదాన్ని మనం ఏమీ చేయలేం, చేయకూడదు. రెండోది పూర్తిగా మన చేతిలో ఉంది. ఇందాక చెప్పిన పసుపుపచ్చ గీత అదే.

నెత్తురొచ్చే చోటే తోమాలి

ఈ మాట చెబితే నమ్మరు. పుండు మీద బ్రష్షు పెట్టమంటారేంటని కోపం కూడా వస్తుంది. తోమడం ఆపిన మర్నాటి నుంచి అక్కడ పాచి చేరుతుంది, కొద్ది రోజుల్లో వాపు పెరుగుతుంది, వాచిన చిగురు మరింత నెత్తురు కారుస్తుంది, దాన్ని చూసి ఇంకా దూరం పెడతారు. మెత్తటి బ్రష్షు తీసుకుని, కుచ్చు సగం పంటి మీద, సగం చిగురు అంచు మీద పడేలా వాల్చి, పెద్దగా అటూ ఇటూ లాగకుండా ఉన్నచోటే చిన్నగా కదపాలి. కండ మీద రుద్దక్కర్లేదు, దాని కాడ చుట్టూ పంటిని శుభ్రం చేయాలి. మొదటి కొన్ని రోజులు ఉమ్మి ఎర్రగానే ఉంటుంది. రోజుకు రెండుసార్లు వదలకుండా చేస్తే ఒకటి రెండు వారాల్లో నెత్తురు తగ్గడం కంటికి కనబడుతుంది.

వేవిళ్ళ రోజుల్లో పేస్టు నురగ తగిలితేనే వాంతి వచ్చేవాళ్ళుంటారు. వాళ్ళు పిల్లల బ్రష్షు కొనుక్కుని ఉత్త నీళ్ళతో తోముకున్నా సరే. పేస్టు తర్వాత, కడుపు కుదుటపడ్డాక, సాయంత్రం వాడొచ్చు. వాంతి అయిన వెంటనే మాత్రం తోమకూడదు. కడుపులోని ఆమ్లం పంటి పైపొరను మెత్తబరిచి ఉంటుంది, ఆ సమయంలో రుద్దితే అది అరిగిపోతుంది. గ్లాసు నీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలించి, అరగంట ఆగి తోముకోవాలి.

వేప పుల్లతోనో కానుగ పుల్లతోనో తోముకునేవాళ్ళు మా వైపు ఊళ్ళల్లో ఇంకా చాలామందే ఉన్నారు. పందుంపుల్ల మీద నాకు వ్యతిరేకత లేదు, కొస బాగా నమిలి కుంచెలా చేసుకుంటే. కండ ఉన్నప్పుడు మాత్రం దాని పీచు గుచ్చుకుంటుంది, పురుడయ్యేదాకా పక్కన పెట్టడం మేలు. ఉప్పు, బొగ్గు, ఇటుక పొడి ఏ కాలంలోనూ వద్దు.

కొందరు పులిపిరికి వెంట్రుక కట్టినట్టు ఈ కండ కాడకు దారం బిగించి కడతారు. సున్నం రాసేవాళ్ళూ ఉన్నారు. కండ నిండా నాళాలే కాబట్టి దారం కోసుకున్న చోట నెత్తురు ధారగా వస్తుంది. సున్నం చుట్టూ ఉన్న మంచి చిగురును కాలుస్తుంది. ఇంట్లో నెత్తురు ఆగకపోతే చేయాల్సింది ఒకటే: శుభ్రమైన తడి దూదినో గుడ్డనో మడిచి కండ మీద పెట్టి, వేలితో గట్టిగా పదిహేను, ఇరవై నిమిషాలు నొక్కి పట్టుకోవడం. మధ్యలో తీసి తీసి చూడకూడదు. అప్పటికీ ఆగకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో గర్భిణుల్లో 60 శాతానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. హిమోగ్లోబిన్ ఏడో ఎనిమిదో ఉన్న మనిషికి రోజూ నోట్లోంచి పోయే ఆ కాస్త నెత్తురు కూడా లెక్కలోకి వస్తుంది.

బిడ్డ పళ్ళలోని సున్నం లాక్కుంటుందా

లేదు. ఒకసారి తయారైన పంటిలోంచి కాల్షియం మళ్ళీ రక్తంలోకి రాదు. తల్లి తిండిలో చాలకపోతే బిడ్డ కోసం ఎముకల్లోంచి వస్తుంది గానీ పళ్ళలోంచి కాదు. అందుకే ఆశా కార్యకర్త ఇచ్చే కాల్షియం మాత్రలు రోజుకు రెండు వేసుకోవాలి. ఐరన్ మాత్రతో కలిపి కాకుండా వేరే పూట.

అయినా కాన్పుకో పన్ను పోయిందని మన ముసలమ్మలు చెప్పేది అబద్ధమేమీ కాదు, కారణం వేరు. వాంతుల ఆమ్లం ఒకటి. మామిడి పిందెలు, చింతకాయలు పొద్దస్తమానం చప్పరించడం ఇంకొకటి. ఆకలేసినప్పుడల్లా కాస్త కాస్త తినడం మూడోది. సీమంతానికి వచ్చిన వాళ్ళంతా తలా ఓ ముద్ద పెట్టే చలిమిడిని చూడండి. తడి బియ్యప్పిండి, బెల్లప్పాకం, నెయ్యి. పంటికి అతుక్కుంటే పుక్కిలించినా వదలదు. చలిమిడి పెట్టొద్దని నేను ఏ ఇంట్లోనూ చెప్పలేదు, చెబితే బతకనివ్వరు. తిన్నాక నీళ్ళు పుక్కిలించి, రాత్రి పడుకోబోయే ముందు తోముకోమంటాను. రోజంతా డబ్బాలో పెట్టుకుని కొరుక్కోవడం కంటే భోజనంతో పాటు తినేయడం పంటికి తక్కువ నష్టం.

గుడాకు ఉన్న చోట లెక్క మారుతుంది

ఒడిశా వైపు ఈ వ్యవహారానికి ఒక మెలిక ఉంది. పొగాకు పొడిని బెల్లపు మడ్డితో కలిపి చేసే గుడాకు చిన్న డబ్బీల్లో కిరాణా కొట్లన్నిట్లో దొరుకుతుంది. వేలితో తీసి చిగుళ్ళకు రుద్దుకుంటారు. దీన్ని పొగాకు అనుకోని ఆడవాళ్ళు చాలామంది, పళ్ళపొడి అనుకుంటారు. పొద్దున్నే రుద్దితే గానీ విరేచనం కాదని, వేవిళ్ళలో వికారం తగ్గుతుందని కడుపుతో ఉన్నప్పుడూ ఆపరు. అందులోని నికోటిన్ తల్లి రక్తంలోంచి బిడ్డకు చేరుతుంది. బిడ్డ బరువు తగ్గడానికి అదొక కారణం.

నోటి విషయంలో దీని అసలు మోసం వేరే ఉంది. నికోటిన్ రక్తనాళాలను ముడుస్తుంది. దాంతో లోపల చిగురు జబ్బు ముదురుతున్నా పైకి నెత్తురు తక్కువగా కనబడుతుంది. "నాకేమీ రాదు, గుడాకుతో చిగుళ్ళు గట్టిపడ్డాయి" అని నమ్మకంగా చెబుతారు. పళ్ళు కదలడం మొదలయ్యాక గానీ బయటపడదు.

తీరం వెంబడి మత్స్యకార పల్లెల్లో పెద్దవాళ్ళకు అడ్డపొగ అలవాటు కూడా ఉంది, అంటే చుట్టను నిప్పు కొస నోట్లోకి పెట్టి కాల్చడం. అది ఎక్కువగా అంగిలిని దెబ్బతీస్తుంది. ఈ తరం పిల్లలు చాలావరకు మానేశారు గానీ, అలవాటున్న ఇంట్లో చిగురు మీదో అంగిలి మీదో ఏది కనబడినా "కడుపుతో ఉంది కదా, పోతుందిలే" అని సరిపెట్టుకోకూడదు. తెల్లటి మచ్చ, ముట్టుకుంటే గట్టిగా ఉండే అంచులు, రెండు వారాలైనా మానని పుండు, ఉన్నట్టుండి కదులుతున్న పన్ను: వీటిలో ఏది ఉన్నా కాన్పు దాకా ఆగకుండా చూపించాలి, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. మత్తు సూదితో చేసే ఆ ముక్క పరీక్ష గర్భిణికి ప్రమాదం కాదు.

ఇంకో రెండు సంగతులు క్లుప్తంగా. బీపీకి నిఫెడిపిన్, మూర్ఛకు ఫెనిటాయిన్ వాడేవాళ్ళలో కొందరికి చిగుళ్ళు మొత్తంగా లావెక్కుతాయి. ఒక్కచోట కండలా కాకుండా వరసంతా ఉబ్బితే డాక్టరుకు మందుల చీటీ చూపించాలి, సొంతంగా మందు ఆపకూడదు. చిగుళ్ళతో పాటు ముక్కులోంచి నెత్తురు, ఒంటి మీద కమిలిన మచ్చలు కూడా ఉంటే అది చిగురు జబ్బు కాకపోవచ్చు. ముందు రక్తపరీక్ష చేయించాలి.

నెలలు తక్కువ కాన్పుకు సంబంధం ఉందా

ఇక్కడ కాస్త నిదానంగా చదవాలి, ఎందుకంటే యూట్యూబ్ నిండా భయపెట్టే మాటలే ఉన్నాయి. 1996లో అమెరికాలో అఫెన్‌బాకర్ బృందం చిగుళ్ళ జబ్బు ముదిరిన తల్లులకు నెలలు నిండకుండా, తక్కువ బరువుతో బిడ్డలు పుట్టడం ఎక్కువగా ఉందని ప్రచురించింది. దాంతో చిగుళ్ళు బాగుచేస్తే నెలలు తక్కువ కాన్పులు తగ్గుతాయని అందరూ ఆశపడ్డారు. 2006లో ఒక పెద్ద అధ్యయనం దీన్ని నేరుగా పరీక్షించింది. చిగుళ్ళ జబ్బున్న 823 మంది గర్భిణుల్లో సగం మందికి 21 వారాల లోపే గార తీసి శుభ్రం చేశారు, మిగతా సగానికి కాన్పు తర్వాత చేశారు. నెలలు తక్కువ కాన్పులు మొదటి గుంపులో 12.0 శాతం, రెండో గుంపులో 12.8 శాతం. తేడా లేనట్టే. తర్వాతి అధ్యయనాలూ ఇంచుమించు అదే చెప్పాయి.

దీన్నిబట్టి క్లీనింగ్ వల్ల బిడ్డ నెలలు నిండి పుడతాడని ఎవరైనా హామీ ఇస్తే నమ్మొద్దు. అదే అధ్యయనం ఇంకో మాట కూడా తేల్చింది: కడుపుతో ఉన్నప్పుడు గార తీయించుకోవడం వల్ల తల్లికీ బిడ్డకూ హాని లేదు, చిగుళ్ళు మాత్రం స్పష్టంగా బాగుపడ్డాయి. బిడ్డ పేరు చెప్పి బెదిరిస్తే గానీ ఆడవాళ్ళ నోటికి వైద్యం చేయించకూడదా? నెత్తురు కారుతోంది, తినలేకపోతోంది, ఆ రెండు కారణాలు చాలవా?

ఎప్పుడు కోయాలి, ఎప్పుడు వదిలేయాలి

ఒక అత్తగారు కోడల్ని తీసుకొచ్చింది. అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది, మాట్లాడింది అత్తగారే. "కోసీండి డాక్టరమ్మా. వచ్చే వారం సీమంతం, నలుగురూ వస్తారు. నోరిలాగుంటే ఏటనుకుంటారు?" కోసేయొచ్చు, పెద్ద పనేమీ కాదు. కానీ కడుపుతో ఉండగా కోస్తే నెత్తురు ఎక్కువ పోతుంది, హార్మోన్లు అలాగే ఉంటాయి కాబట్టి అదే చోట మళ్ళీ మొలిచే అవకాశమూ ఎక్కువ. అందుకని చుట్టూ గార తీసి, తోమే పద్ధతి చూపించి, కాన్పు దాకా ఆగమనడమే మామూలు పద్ధతి. ఆ అమ్మాయికీ అంతే చెప్పాను. అత్తగారికి నచ్చలేదు.

నమలడానికి అడ్డు పడుతున్నా, పళ్ళ మధ్య నలిగి పుండవుతున్నా, నెత్తురు ఆగకపోతున్నా మాత్రం తీయాల్సిందే. దానికి నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా మంచి సమయం. వాంతులు తగ్గి ఉంటాయి, పొట్ట ఇంకా అంత బరువెక్కదు. నెలలు పెరిగాక వెల్లకిలా పడుకుంటే గర్భసంచి పెద్ద సిరను నొక్కి కళ్ళు తిరుగుతాయి. కుర్చీలో కుడి తుంటి కింద చిన్న దిండు పెట్టి ఎడమ పక్కకు కాస్త వాల్చమని అడగండి. పంటి దగ్గర ఇచ్చే లిగ్నోకైన్ అనే మత్తు సూదితో ఇబ్బంది లేదు. ఎక్స్‌రే అవసరమైతే తీయించుకోవచ్చు.

చీము పట్టిన పన్నుకు మాత్రం నెలలు లెక్కపెట్టకండి. ఏ నెలలోనైనా వైద్యం చేయించాలి. దవడ కింద వాచి, నోరు తెరవలేక, మింగలేక పోతుంటే అదే రాత్రి ఆసుపత్రికి. నొప్పికి పారాసెటమాల్ వాడొచ్చు. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి డాక్టరు చెప్పకుండా వద్దు, ముఖ్యంగా 20 వారాలు దాటాక. టెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్ బిడ్డ పళ్ళ రంగు మారుస్తాయి. అమాక్సిసిలిన్ అవసరమైనప్పుడు డాక్టరే రాస్తారు.

రెండు రాష్ట్రాల మధ్య

మన దగ్గర ఇంకో తిప్పలుంది. అత్తిల్లు పర్లాకిమిడిలో, పుట్టిల్లు పాతపట్నంలోనో టెక్కలిలోనో. అత్తిల్లు బరంపురంలో, పుట్టిల్లు ఇచ్ఛాపురంలోనో కవిటిలోనో. ఐదో నెలలో కండ కనబడింది ఒడిశాలో, ఏడో నెలలో పురిటికి వెళ్ళింది ఆంధ్రాకి. ఇక్కడి కార్డు ఒడియాలో ఉంటుంది. అక్కడి డాక్టరుకు ఆ కండ ఎప్పటిదో, పెరుగుతోందో తగ్గుతోందో తెలియదు. అందుకని కనబడిన రోజునే పెదవి ఎత్తి పట్టుకుని, కిటికీ వెలుతురులో ఫోనుతో ఫోటో తీసి ఉంచుకోండి. రెండు వారాలకొకటి తీస్తే తేదీలతో సహా చరిత్రంతా చేతిలో ఉంటుంది.

చెకప్పుల్లో బరువు, బీపీ, రక్తం, మూత్రం చూస్తారు గానీ నోరు తెరవమనేవాళ్ళు తక్కువ. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుగుతాయి, 2016 నుంచి దేశమంతా ఉన్న ఏర్పాటిది, సరిహద్దుకు ఇటూ అటూ కూడా. ఆ రోజు మీరే పెదవి ఎత్తి చూపించండి. జిల్లా ఆసుపత్రిలో పళ్ళ డాక్టరు ఉంటారు. ముక్క పరీక్ష దాకా వెళ్తే, పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు మీదున్న బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది.

కాన్పు తర్వాత కండ దానంతటదే తగ్గాలంటే పాచి చేరకూడదు. బాలింత పళ్ళు కదులుతాయని కొన్ని ఇళ్ళల్లో తోముకోనివ్వరు, పైగా భోజనం కాగానే వక్కతో తాంబూలం ఇస్తారు. తమలపాకుతో పేచీ లేదు గానీ వక్క నోటికి మంచిది కాదు, అది తీసేయండి. తోముకోవడం ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాటి నుంచే మొదలుపెట్టొచ్చు. బిడ్డకు ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం టీకాలకు ఎలాగూ వెళ్తారు. పద్నాలుగో వారం టీకా నాటికి కూడా కండ పోకుండా అలాగే ఉంటే, అదే ఆసుపత్రిలో పళ్ళ విభాగానికి వెళ్ళి కోయించి, ఆ ముక్కను తప్పకుండా పరీక్షకు పంపించమనండి. పోయినా సరే ఆ చోట గార తీయించుకోండి. లేకపోతే రెండో కాన్పులో మళ్ళీ అక్కడే మొలవొచ్చు.